పిక్కలు కొట్టిన వేళ్ళు

జూన్‌లో బడి తెరవగానే మా హెడ్మాస్టరు గారికి ప్రణాళికల జ్వరం పట్టుకుంటుంది. లెక్కల మేష్టారు ఏడాదంతా ఏం చేస్తారు, సైన్సు మేడమ్ ఏం చేస్తారు, లైబ్రరీలో నేనేం వెలగబెడతాను, అన్నీ వారంలోగా కాగితాల మీద రాసి ఆయన బల్ల మీద పెట్టాలి. పూండి దగ్గర ఈ పాత ఎయిడెడ్ హైస్కూల్లో లైబ్రేరియన్‌గా చేరినప్పటి నుంచీ నేను చేసే పని ఒకటే. పోయినేడాది కాగితం తీసి, పైన సంవత్సరం మార్చి ఇచ్చేస్తాను. ఆయన చదవరు, నేను చెప్పను. అలా ఇద్దరం సుఖంగా ఉండేవాళ్ళం.

ఈసారి అలా కుదరలేదు. మా బడిలో చదువుకుని విశాఖలో స్థిరపడిన ఒక పెద్దాయన లైబ్రరీకి కంప్యూటరు, దానితోపాటు వేలిముద్ర తీసుకునే చిన్న యంత్రం పంపించారు. అట్టపెట్టె విప్పుతున్నప్పుడు నా సంబరం మీరు చూడాలి! అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, మీద చిన్న అద్దం. వేలు పెడితే ఎవరో చెప్పేస్తుందట. ఇన్నేళ్ళూ నేను పడ్డ పాట్లకి విరుగుడు దొరికిందని మురిసిపోయాను.

మా పుస్తకాల రిజిస్టరు సంగతి మీకు తెలియదు. ఇక్కడి ఊళ్ళలో సగం మందికి ఇంటిపేరు ఒకటే. ఆడపిల్లల్లో సగం మందికి అమ్మవారి పేరే. ఫలానా పుస్తకం ఏదని అడిగితే చాలు, "నాను కాదు మేడమ్, మా ఈదిలో ఇంకోతి ఉంది, దాని పేరూ ఇదే" అని మొదలుపెడతారు. ఆ ఇంకోతిని పిలిస్తే అది ఇంకొకర్ని చూపిస్తుంది. రోజూ ఈ పంచాయితీలతో నా గొంతు బొంగురుపోయేది. వేలిముద్రతో పుస్తకం ఇస్తే ఈ గోలంతా వదిలిపోతుంది కదా!

మూడు సాయంత్రాలు కూర్చుని ప్రణాళిక రాశాను. పుస్తకాలన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. ఇవ్వడం, తీసుకోవడం వేలిముద్రతోనే జరగాలి. శనివారాలు పిల్లల చేత కథలు పైకి చదివించి ఫోన్లో రికార్డు చేసి, ఇళ్ళకి పంపాలి. ఎర్ర సిరాతో అడుగున ఇంకో మాట చేర్చాను: "వేలిముద్ర నమోదు కాని వారికి పుస్తకం ఇవ్వబడదు." ఎవరూ అడగలేదు, నా అంతట నేనే రాశాను. "ఇవ్వబడదు" అని రాస్తున్నప్పుడు కుర్చీలో కాస్త నిటారుగా కూడా కూర్చున్నాను.

హెడ్మాస్టరు గారు మొదటిసారి కాగితం ఆసాంతం చదివారు. "ప్లానంటే ఇదీ మేడమ్!" అన్నారు. వచ్చే నెల దాత స్వయంగా వచ్చి చూస్తారని కూడా చెప్పారు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

నమోదు రోజున ముందు నా వేలే పెట్టాను. పెట్టీ పెట్టగానే కూతకూసి పచ్చ దీపం వెలిగింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆరో తరగతి నుంచి వరస కట్టించాను. కొందరికి ఒకసారికే పట్టింది, కొందరికి రెండుసార్లకి పట్టింది. మధ్యాహ్నమయ్యేసరికి అసలు పట్టనివాళ్ళు పదకొండు మంది తేలారు. ఆ పదకొండో మనిషి తొమ్మిదో తరగతి పిల్ల.

ఆ పిల్ల గురించి చెప్పాలి. నా లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దానిది. ఎవరూ రాసివ్వలేదు గానీ దానిదే. రెండు రోజులకో పుస్తకం నమిలేసేది. పుస్తకం ఇచ్చేటప్పుడు అట్టని కొంగుతో తుడిచినట్టు చున్నీతో తుడిచి ఇచ్చేది. మాట తక్కువ. "బాగుందా?" అని అడిగితే, "బాగుంది మేడమ్, ఇంకోటి ఇయ్యండి" అనేది. అంతే. నాకు పిల్లలందరూ ఒకటే అని పైకి అంటాను గానీ, అబద్ధం. ఆ పిల్లంటే నాకు ప్రాణం.

ఆ రోజు దాని చేతిలో సముద్రంలో తప్పిపోయిన అన్నదమ్ముల కథ ఉంది. లావుపాటి పుస్తకం. సగం చదివి, గడువు పెంచుకోవడానికి తెచ్చింది. కుడిచేతి చూపుడువేలు పెడితే ఎర్ర దీపం. బొటనవేలు, ఎర్ర దీపం. పది వేళ్ళూ అయ్యాయి.

"చేతులు కడుక్కుని రా" అన్నాను.

కడుక్కుని వచ్చింది. మళ్ళీ ఎర్ర దీపమే. మళ్ళీ పంపాను. మూడోసారి వచ్చేసరికి వెనక వరస గోల పెడుతోంది, ఉక్కపోత, నా ఒళ్ళు మండుతోంది.

"ఏం పూసుకొచ్చావు చేతులకి? ముద్ర లేని వేళ్ళు ఎక్కడైనా ఉంటాయా?" అని కసిరాను.

పిల్లలు పక్కున నవ్వారు. ఆ పిల్ల తన చేతులు ఒకసారి చూసుకుని, వెనక్కి పెట్టుకుంది. తర్వాత పుస్తకాన్ని చున్నీతో తుడిచి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నేనూ నా నియమాన్ని పట్టుకుని, వెనక్కి పిలవలేదు. నా నోటికి తాళం వేసే యంత్రం ఎవరైనా పంపి ఉంటే బాగుండేది.

మర్నాడు అది రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బడికి వస్తోంది, తరగతిలో కూర్చుంటోంది, లైబ్రరీ పీరియడ్‌లో మాత్రం వరండాలోనే నిలబడిపోతోంది. కిటికీ పక్క బల్ల మీద వేరే ఎవరో కూర్చుంటే నాకు చిరాకేసేది. అయినా బుద్ధి రాలేదు నాకు. అద్దం తుడిచే మెత్తటి గుడ్డ తెప్పించాను, యంత్రం తయారుచేసిన వాళ్ళకి ఫోన్ చేసి అరగంట పోట్లాడాను. యంత్రంలో ఏ లోపమూ లేదని వాళ్ళు ఒట్టేసి చెప్పారు.

పది రోజుల తర్వాత, పలాసలో మా ఇంట్లో, సాయంత్రం టీ తాగుతూ ఈ గోడంతా మా అమ్మ దగ్గర వెళ్ళబోసుకున్నాను. అమ్మ నాతోనే ఉంటుంది. చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ వింది. విని పకపకా నవ్వింది.

"ఓలమ్మ! అందరికీ సదువు సెప్తానంతావు, నీకేటి తెల్దేటే! ఆ పిల్లల అమ్మలు ఏటి పని సేత్తారో అడిగినావా?"

"దానికీ దీనికీ ఏటమ్మా?"

అమ్మ చిక్కుడుకాయలు వదిలేసి చేతులు నా ముందు చాపింది. "సూడు. నెలనెలా డిపో కాడ నా ఏలు పట్నేదని ఎవుల మీద అరిసినావు నువ్వు?"

నేను కప్పు కింద పెట్టేశాను. రేషన్ డిపోలో అమ్మ వేలు యంత్రానికి ఎప్పుడూ పట్టదు. పాతికేళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులు. పిక్క పగిలినప్పుడు చిమ్మే సొన చర్మాన్ని కాల్చేస్తుంది. ఎంత బూడిద రాసుకుని కూర్చున్నా వేళ్ళ కొసలు పొరలు పొరలుగా ఊడిపోతాయి. గీత అనేది మిగలదు. "మా అమ్మ దొంగా? చేతులు కడుక్కుని రమ్మంటారేంటి?" అని డిపో అతని మీద నేను లేచిన లేవడం వీధంతా విన్నది. అదే మాట నేను నా లైబ్రరీలో, ఆ పిల్లని అన్నాను. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ పదకొండు మంది పేర్లూ కాగితం మీద రాసుకుని, తోటి పిల్లల్ని అడిగి చూశాను. వేసవి సెలవుల్లో ఇంట్లో పిక్కలు కొట్టినవాళ్ళ జాబితా అది. పిక్కలు కొట్టే ఊళ్ళలో పుట్టి, పిక్కలు కొట్టే అమ్మ కడుపున పుట్టి, వేలిముద్రల లైబ్రరీ పెట్టానే! ఇలాంటి తెలివి ఇంకెవరికైనా వస్తుందా?

శనివారం మధ్యాహ్నం ఆ లావుపాటి పుస్తకం సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఆ పిల్ల ఊరు సముద్రం వైపు, కొబ్బరితోటల్లో ఉంది. పంచలో ఐదారుగురు ఆడవాళ్ళు గోనెలు పరుచుకుని పిక్కలు కొడుతున్నారు. ఆ పిల్ల మాత్రం వాళ్ళకి దూరంగా, గడప మీద, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళు నూనెతో మెరుస్తున్నాయి. నన్ను చూడగానే గభాలున లేచి చేతులు వెనక్కి పెట్టుకుంది.

వాళ్ళమ్మ కంగారుగా వచ్చింది. "ఏటయినాది మేడమ్ గారూ? పిల్ల ఏటైనా తప్పు సేసినాదా?"

"లేదమ్మా. లైబ్రరీకి ఎందుకు రావట్లేదని అడగడానికి వచ్చాను."

"వత్తాది మేడమ్, వత్తాది. ఇంకో పది రోజులు ఆగండి. ఎండాకాలం నాతో కూకుని పిక్కలు కొట్టినాది. వద్దన్నా ఇన్నేదు. ఏళ్ళు ఇలగైపోనాయి. ఇప్పుడు ఒక్క పిక్క ముట్టుకోనిత్తన్నేదు. రోజూ రెండు పూటలా కొబ్బరినూని రాత్తన్నాను. గీతలు మొలుత్తన్నాయి, సూడండి." కూతురి చెయ్యి వెనక నుంచి లాగి, వెలుతురు వైపు తిప్పి నాకు చూపించింది.

ఆ పిల్ల అలిగి మానేసిందని నేననుకున్నాను. అలగలేదు. వేళ్ళ మీద గీతలు వచ్చేదాకా ఆగుతోంది. నేను పెట్టిన నియమానికి సరిపోవాలని రోజూ నూనె రాసుకుంటోంది. నాకు ఏడుపు ఆగలేదు. అందరి ముందూ, ఆ పంచలోనే ఏడ్చేశాను.

"గీతలు అక్కర్లేదమ్మా. నాదే తప్పు" అన్నాను ఆ పిల్లతో. "వేలు పట్టకపోయినా నీకు పుస్తకం ఉంది. నిన్ను అలా అని ఉండకూడదు."

సంచిలోంచి పుస్తకం తీశాను. నేనింకా ఇవ్వకముందే పంచలోంచి ఒక ముసలమ్మ కేకేసింది. "అదేనేటే ఆ పుత్తకం? ఆ తమ్ముడు బతికినాడా, సచ్చినాడా?"

అప్పుడు తెలిసింది నాకు. ఆ పిల్ల తెచ్చిన ప్రతి పుస్తకమూ సాయంత్రాలు ఈ పంచలో పైకి చదువుతుందట. వీళ్ళు పిక్కలు కొడుతూ వింటారట. కథ సగంలో ఆగిపోయేసరికి ఒకావిడ తమ్ముడు మునిగిపోయాడంది, ఇంకొకావిడ ఒడిశా ఒడ్డుకి కొట్టుకుపోయి అక్కడే పెళ్ళి చేసుకున్నాడంది. దాని మీద పది రోజులుగా తగువు. రెండు రోజులకో పుస్తకం అంటే ఒక్క పిల్లే చదివేస్తోందని అనుకున్నాను. నేను ఒకరికి ఆపిన పుస్తకం ఇంతమందికి ఆగిపోయింది.

"చదువమ్మా" అన్నాను. ఆ పిల్ల పుస్తకం అందుకోబోయి, ఆగి, నూనె చేతులు చున్నీకి గట్టిగా తుడుచుకుంది. గడప మీద కూర్చుని ఆగిన పేజీ సరిగ్గా తీసింది. నేను ఫోన్లో రికార్డు నొక్కి పక్కన పెట్టాను. మొదట తడబడింది, రెండో పేజీకి కుదురుకుంది. సుత్తుల చప్పుడు కూడా నెమ్మదించింది.

నేను బయల్దేరుతుంటే వాళ్ళమ్మ వీధి చివరిదాకా వచ్చింది. "మీ ఏలు పట్టినాదా మేడమ్, ఆ మిసన్‌కి?" అని అడిగింది.

"పెట్టగానే పట్టిందమ్మా."

"మీ అమ్మగారు ఏటి సేసేవోరు?"

"పిక్కలే కొట్టేది. పలాసలో."

ఆవిడ నా చేతుల వైపు చూసి తల ఊపింది. "మిమ్మల్ని పిక్క ముట్టుకోనిచ్చుండరు" అంది.

దారంతా ఆ మాటే నా చెవుల్లో ఉంది. చిన్నప్పుడు పిక్కల గంప దగ్గరికి పోతే అమ్మ వీపు మీద ఒకటిచ్చి తరిమేది. "పో అవతలికి, పుత్తకం తీసి సదువు" అని అరిచేది. పక్కింటి పిల్లలు వాళ్ళమ్మల పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ పిక్కలు కొట్టేవాళ్ళు. మా అమ్మకి నేనంటే ఇష్టం లేదని దొడ్లో కూర్చుని ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలుసు. అమ్మ కోపిష్టి మనిషని నిన్నమొన్నటిదాకా నమ్మాను.

సోమవారం ప్రణాళిక అడుగున ఎర్ర సిరా మాటని నా చేత్తోనే కొట్టేశాను. పాత రిజిస్టరు మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. ప్రణాళికలో పైకి చదివే పని మొదటికి జరిగింది, రికార్డు చేసినవి పిక్కలు కొట్టే పంచలకి వెళ్ళాలని రాశాను. "దాత వస్తే యంత్రం ఏదంటే ఏం చెప్పాలి మేడమ్?" అని హెడ్మాస్టరు గారు తల పట్టుకున్నారు. ఆయనకి ఆ పదకొండు పేర్లూ చూపించాను, కారణం చెప్పాను. పేర్లన్నీ ఒకటికి రెండుసార్లు చదివారాయన. తర్వాత కాగితం మీద సంతకం పెట్టేశారు. ఆ పిల్ల మధ్యాహ్నం వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర ఉన్నవాళ్ళని లేపి కూర్చుంది.

కానీ అంతకుముందే, ఆ శనివారం సాయంత్రమే, ఇంటికి రాగానే అమ్మ పక్కన కూర్చుని ఫోన్లో ఆ పిల్ల చదివింది పెట్టాను. అమ్మ కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక అమ్మ చెయ్యి తీసుకుని నా చేతిలో పెట్టుకున్నాను. నున్నగా, గీత లేకుండా ఉన్నాయి వేళ్ళు.

"అమ్మా, నన్ను పిక్కల కాడికి ఎందుకు రానిచ్చేదానివి కాదే? కొట్టి మరీ తరిమేదానివి."

"నీకెప్పుడూ అదే ఏడుపు, అమ్మ తరిమీసింది, అమ్మ తరిమీసింది అని" అంది అమ్మ చెయ్యి లాక్కోకుండానే. "మరేటి సెయ్యాల? ఇంట్లో ఉన్నవి రెండు జతల సేతులు. రెండూ పాడైపోతే పుత్తకం ఎవులు పట్టుకుంతారే?"