ఖాళీగా కనిపించిన ఇసుక

మా ఎమ్మెల్యే గారి దగ్గర నేను పీఏని. భీమిలి వైపు తీరంలో గోడ, రోడ్డు కట్టడానికి అప్పిచ్చే విదేశీ అభివృద్ధి బ్యాంకు వాళ్లు, శాసనసభ కమిటీతో కలిసి చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. ఏర్పాట్లన్నీ నా నెత్తినే పడ్డాయి.

ముందురోజు మా మేనత్త వాళ్ల పేటకు వెళ్లాను. అత్త ఇసుక మీద పాత వలలు పరిచి చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అదే చోటు. దానికి కాగితమంటూ ఏమీ లేదు.

"అత్తా, రేపు పెద్దోళ్లొస్తన్నారు. ఈ వాసనకి ఆగలేరు. ఒక్క పూటకి ఇయ్యన్నీ తీయించెయ్" అన్నాను.

"అది నువ్వు సెప్పాలేట్రా? మనూరొచ్చినోళ్ల ముందర సేపలెండేత్తామేటి?" అని నన్నే కసిరింది.

తెల్లారేసరికి ఆడవాళ్లంతా కలిసి ఇసుక నున్నగా ఊడ్చేశారు. వీధి పొడుగునా ముగ్గులేశారు. ఎంత మురిసిపోయానో, నా తెలివి తెల్లారినట్టే ఉంది! వచ్చినవాళ్లు కొబ్బరినీళ్లు తాగి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు.

కొన్ని నెలలకు నగరంలో కమిటీ కూర్చుంది. ఎమ్మెల్యే గారి వెనక కుర్చీలో నేను. ఆయన బ్యాంకు వాళ్లను గట్టిగానే అడిగారు: "బతుకుతెరువు పోయేవాళ్లకి పరిహారం ఇవ్వాలని మీ రూల్సే చెబుతున్నాయి కదా. ఈ పేటలో అలాంటివాళ్లు ఎందరు?"

బ్యాంకు అధికారి తెర మీద ఒక ఫొటో వేశాడు. అత్త ఊడ్చిన ఇసుక. కింద రాసి ఉంది: ఖాళీ స్థలం, ఎవరి వాడకంలోనూ లేదు.

ఎమ్మెల్యే గారు వెనక్కి తిరిగారు. "మీవాళ్ల పేటే కదయ్యా, నిజమేనా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. తీయించింది నేనేనని చెప్పాలి. లేచి నిలబడ్డాను. సిగ్గు కూడా వేయలేదు.

"ఔనండి. ఖాళీగానే ఉందండి" అన్నాను.

ఆయన కాగితం తిప్పి తర్వాతి పేట గురించి అడిగారు.

ఇసుకలో సర్వే రాళ్లు పాతిన రోజు అత్త మా ఇంటికొచ్చింది. కంగారేమీ లేదు, మంచినీళ్లు తాగి నింపాదిగా కూర్చుంది.

"పేటలో అందరూ ఏడుత్తన్నార్రా. నాను మాత్రం, మా అల్లుడా మీటింగులోనే ఉన్నాడు, మన గురించి సెప్పకుండా ఉంటాడేటి అన్నాను. సెప్పావు కదా?"

"సెప్పానత్తా" అన్నాను.