పాచికలు, పత్తాలు, ఒక బొటనవేలు

2024 ఎండాకాలం. నిజామాబాద్‌లో బస్టాండు వెనక సందులో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెడలు పట్టేసిన బీడీ కార్మికులు, నాట్లు వేసి వేసి నడుము పోగొట్టుకున్న ఆడవాళ్లు, ఇందల్వాయి దగ్గర హైవే మీద బండి జారి కాళ్లు విరిగినవాళ్లు. చేతి కేసులు తక్కువ. వచ్చినా నిలవరు. కాలు నడవకపోతే భయపడతారు గానీ, వేలు వంగకపోతే ఇంకో చెయ్యి ఉంది కదా అని ఊరుకుంటారు. అందుకే చేతి రోగులంటే నాకు కోపం కొంచెం ముందే వస్తుంది.

నరేష్‌ది బోధన్. పాతికేళ్లు దాటిన కుర్రాడు. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డా ఆ వైపు చెరుకు పూర్తిగా పోలేదు. రోడ్డు పక్కన చెరుకు రసం బండి నడుపుకునేవాడు. గడ చెక్కుతుంటే కుడి చెయ్యి కత్తి పిడి మీంచి అంచు మీదికి జారి అరచెయ్యి తెగింది. బొటనవేలిని, చూపుడువేలిని వంచే టెండన్లు తెగాయి. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు. సర్జన్ ఆ తాళ్లను కుట్టి, చేతికి స్ప్లింట్ తొడిగి నా దగ్గరికి పంపించారు. స్ప్లింట్ అంటే వేళ్లు పూర్తిగా చాపుకోకుండా ఆపే గట్టి పట్టీ.

కుట్టిన టెండన్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే, కదపకుండా వదిలేస్తే చుట్టూ ఉన్న కండకు అంటుకుపోయి వేలు బిగుసుకుంటుంది. తొందరపడి బలం పెడితే కుట్టు తెగుతుంది. అలా తెగడాన్ని రప్చర్ అంటాం. అప్పుడు మళ్లీ ఆపరేషనే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెండింటి మధ్య నుంచి రోగిని జాగ్రత్తగా దాటించడమే నా పని.

మొదటి రోజు అందరినీ అడిగినట్టే నరేష్‌నీ అడిగాను. "నీ గోల్ ఏంది? చెయ్యి నయమైతే మొదలు ఏం చెయ్యాలనుకుంటున్నవ్?"

చాలామంది అన్నం కలుపుకోవాలంటారు, బండి తోలాలంటారు. నరేష్ పక్కన కూర్చున్న తల్లి రాజవ్వ వైపు చూశాడు. ఆమె మందుల షాపుకు వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఒక గేమ్ వస్తున్నది మేడం. ఫోన్ల ఆడేది. వచ్చిన రోజే ఆడాలె."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది అనుకున్నాను. రసం బండి బందై కూర్చున్న మనిషికి గేమ్ కావాలట! కానీ అతను ఎడమ చేత్తో ఫోన్ తీసి, దాని ట్రైలర్ చూపించాడు. ట్రైలర్ అంటే ఆట రాకముందు ఊరించడానికి వదిలే చిన్న వీడియో. అచ్చం మన పచ్చీసులాగా గళ్ల బోర్డు. పాచికలు వేసి నడవాలి. ఆగిన గడిని బట్టి ఒక కార్డు దొరుకుతుంది. ఒక్కో కార్డుకు ఒక్కో బొమ్మ, ఒక్కో బలం. పోగుచేసిన కార్డులతోనే అవతలివాణ్ని ఓడించాలి.

"చిన్నప్పుడు నేను పహిల్వాన్ల కార్డులు జమ చేసేటోణ్ని మేడం. బాపు గవ్వలేసి నాతోని పచ్చీసు ఆడేటోడు. నేను గెలిస్తే ఒక కార్డు కొనిచ్చేటోడు. గా రెండూ కలిపి ఎవడో ఆట జేసిండు. రెండేండ్ల సంది సూస్తున్న దాని కోసం."

"మరి బాపు?"

"లేడు."

తండ్రి మాట అంతటితో వదిలేసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఎడమ చేత్తో ఆడుకోవచ్చు కదా అంటే మొహం అదోలా పెట్టాడు. "ఎడమ చేత్తోని అన్నం తిన్నట్టుంటది మేడం."

తంటా ఏమిటంటే, ఆ ఆట విడుదలయ్యే రోజుకు అతని టెండన్ ఇంకా పచ్చిగానే ఉంటుంది. "ఒక్క బొటనవేలే గద, జర తాకిస్త" అని బేరం మొదలుపెట్టాడు. తాకితే తెగదు. కానీ రెండేళ్లు ఎదురుచూసినవాడు తాకి ఊరుకుంటాడా? వచ్చిన ప్రతిసారీ తిడుతూనే ఉన్నాను. ఇంతలో ఒకరోజు దిగాలుగా వచ్చాడు. ఆట వాయిదా పడిందట. ఎదురుచూసేవాళ్లంతా ఆ కంపెనీని ఆడిపోసుకుంటున్నారట. నేనొక్కదాన్నే ఆ కంపెనీవాళ్లు చల్లగా ఉండాలని దీవించాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు నరేష్ రావడం మానేశాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. బుధవారాలు నేను బోధన్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో కూర్చుంటాను. అక్కడి నుంచి అడుగుతూ వాళ్లింటికి పోయాను. తిట్టడానికే పోయాను, అబద్ధమెందుకు.

రాజవ్వ గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నరేష్ గోడకానుకుని కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుని చూశాను. చూపుడువేలు అప్పుడే బిగుసుకోవడం మొదలైంది.

"ఎందుకు పంపిస్తలేవు అక్కా?"

"బస్సులు దొరుకుతలెవ్వు డాక్టరమ్మా."

"బోధన్ల నిజామాబాద్ బస్సు దొరకదా? నాకు చెప్తున్నవా?"

ఆమె చేతులు ఆగాయి. "వీడు చెయ్యి ఎందుకు బాగు చేసుకుంటున్నడో నీకెర్కేనా? పత్తాలాడనీకి, పేకాటకు! నేను ఫోన్ల సూసిన. పాచికలున్నయ్, పత్తాలున్నయ్. రెండూ ఒక్కదాంట్లనే! మా ఆయిన ఒక్క పత్తాలతోనే చెరుకు మడి పోగొట్టిండు. ఆ రందితోనే పోయిండు. వీడు రెండిటితోని ఏం జేస్తడు?"

"అందుకని చెయ్యి గిట్లనే వదిలేస్తవా? రేపు అన్నం ముద్ద గూడ పట్టది."

"ముద్ద నేను పెడత. పత్తాలు పట్టకుంటె సాలు."

తల్లే కొడుకు చెయ్యి నయం కావొద్దనుకోవడం నేను అంతకుముందు వినలేదు. వచ్చిన కోపం అక్కడే దిగిపోయింది. ఆమెకు ప్రేమ లేక కాదు. చెయ్యి పోతే చెయ్యే పోతుంది, పత్తాలు మరిగితే ఇల్లే పోతుంది అనుకుంది. ఆమె బతుకులో చూసింది అదే మరి.

ఫోన్ ఇమ్మన్నాను. తునికాకు కట్టల కింద దాచిందాన్ని తీసి ఇచ్చింది. ముందు నరేష్‌ను నిలదీశాను. కొన్ని ఆటల్లో కార్డులను డబ్బు పెట్టి కొంటూనే ఉండాలి, అలాంటిదైతే నేనూ మీ అమ్మ పక్షమే అన్నాను. కాదన్నాడు. ఆట ఒక్కసారి కొంటే చాలు, కార్డులన్నీ బోర్డు మీద నడిచి గెలుచుకునేవే. కంపెనీవాళ్లు డెమో అని చిన్న ముక్క ముందే వదిలారు. దాన్ని తెరిచి, ఎడమ చేత్తోనే తల్లి ముందు ఆడాడు. ఆమె చాట పక్కన పెట్టి వంగి చూసింది.

"ఓడితే ఏం పోతది?" అని అడిగింది.

"ఏం పోదు అవ్వా."

"ఏం పోకుంటె గదేం ఆటరా! మరి ఓడినంక?"

"మళ్ల మొదటికెళ్లి ఆడొచ్చు."

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. "మళ్ల మొదటికెళ్లా?" అంది. తర్వాత మెల్లగా, "మీ బాపుకు గిసుంటి ఆట దొరకకపాయె" అంది. నరేష్ తల వంచుకున్నాడు.

తర్వాతి వారం నుంచి తల్లీకొడుకులిద్దరూ వచ్చారు. ఆమె షరతు ఒకటే, పూర్తి ఆట వచ్చినప్పుడు మొదలు నా క్లినిక్‌లో, నా ముందరే ఆడాలి. ఇంట్లో వ్యాయామాల దగ్గర ఆమె నాకంటే కఠినం. కొడుకు ఒక్కసారి ఎగ్గొట్టబోతే బీడీ ఆకు కోసే కత్తెర చూపించి బెదిరించిందట. బిగుసుకున్న వేలిని మళ్లీ దారికి తేవడానికి వానాకాలమంతా పట్టింది. బొటనవేలు బాగానే వచ్చింది. చూపుడువేలు మాత్రం ఈరోజుకీ పూర్తిగా వంగదు. పోయిన ఆ కొన్ని వారాల ఖరీదు అది.

చలికాలం మొదట్లో ఆట వచ్చింది. నరేష్ నా క్లినిక్‌లో బెంచీ మీద కూర్చుని కుడి బొటనవేలితో తొలి పాచిక వేశాడు. వేలు వణికింది గానీ పని చేసింది. మెడనొప్పితో వచ్చిన ఆడవాళ్లు సైతం చుట్టూ మూగారు. కాసేపటికే, అవతలి పక్క ఆడే ఫోన్ చేతిలో అతను చిత్తుగా ఓడిపోయాడు. ఇన్నాళ్లు ఎదురుచూసింది ఇందుకా అన్నట్టు మొహం వేలాడేశాడు.

రాజవ్వ అతని చేతిని ఒళ్లోకి లాక్కుని, వంగని ఆ వేలిని ఒకసారి రుద్దింది. "పోయిందేం లేదు గదరా. మళ్ల షురూ చెయ్" అంది.

రోగిని గోల్ అడగడం కాలేజీలో నేర్పించారు. పక్కన కూర్చున్నవాళ్లను అడగాలని రాజవ్వ నేర్పింది. ఇప్పుడు 'నయమైతే ఏం చేస్తవ్' అని రోగిని అడిగాక, వాళ్ల ఇంటివాళ్ల వైపు తిరిగి 'నయమైతే మీకేం భయం' అని కూడా అడుగుతాను. మొదట నవ్వుతారు. తర్వాత చెప్తారు.