మూడోదాని మాట

నా చిన్నప్పుడు మా నాయనమ్మ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తేనే నాకు మాటలొచ్చాయని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనొప్పుకోను. ఒకే కాన్పులో పుట్టిన మా ముగ్గురు ఆడపిల్లలకీ ఆ కొమ్మే రాసింది. నాకంటే కాసేపు ముందు పుట్టిన అక్కలిద్దరూ రెండేళ్ళకే గలగలా వాగుతుంటే, ఐదేళ్ళు నిండినా నాకు నోరు పెగల్లేదేం మరి?

అసలు సంగతి, నాకు మాట్లాడే అవసరమే పడలేదు. నేను బిందె వైపు చూస్తే చాలు, "దానికి దాహమేస్తోందంట" అని ఒకతి, "చల్లనీళ్ళే కావాలంట" అని ఇంకొకతి. అమ్మకున్నవి రెండు చేతులు, పిల్లలం ముగ్గురం. ఎవరడిగితేనేం, ఇచ్చేసి పనిలో పడేది.

తిరువూరులో మమ్మల్ని బడిలో వేయబోతే, పేరు చెప్పలేని పిల్లను మరుసటేడు తీసుకురమ్మన్నారు పెద్ద మాస్టారు. ఈ వేసవి సెలవులు అయ్యేలోగా మాటలు రాకపోతే అక్కలు బడికి, నేను ఇంట్లో. ఆ రోజు ముగ్గురం కలిసి ఏడ్చాం. ఏడవడం మాత్రం నాకు బాగానే వచ్చు.

పక్కింటి టీచరమ్మ, మేం పుట్టిన దగ్గర్నుంచీ మాలో ఒకరిని చంకనేసుకుని తిరిగిన మనిషి, ఒక మధ్యాహ్నం నన్నొక్కదాన్నే వాళ్ళింటికి తీసుకెళ్ళి తలుపు గడియ పెట్టింది. బుట్టెడు చిన్న రసాలు ముందు పెట్టుకుని కూర్చుంది. నేను పండు వైపు వేలు చూపించాను. విసనకర్ర ఇచ్చింది. మళ్ళీ చూపించాను. చెంబు ఇచ్చింది. మూడోసారికి దువ్వెన తెచ్చి తీరిగ్గా నా జడ విప్పసాగింది. వెనక్కి తిరిగి చూశాను. నా తరఫున చెప్పడానికి అక్కలు లేరు.

"అది కాదు, మామిడిపండు. నీకు కళ్ళు లేవా?" అన్నాను.

నా మొదటి మాటే తగువు. టీచరమ్మ ఆశ్చర్యపోయినట్టు కూడా కనపడనివ్వలేదు. ఎన్ని కావాలే అని అడిగింది, అంతే.

"మూడు. మా అక్కలక్కూడా."

బడి తెరిచిన రోజు పేరేంటని మాస్టారు అడిగితే ముగ్గురి పేర్లూ నేనే చెప్పాను. ఆ తర్వాత నన్ను ఆపగలిగిన వాళ్ళు లేరు.

ఇప్పటికీ పిల్లలెవరైనా మాట కోసం తడుముకుంటుంటే నేను అందించను, ఆగుతాను. నా నోటికి అదెంత కష్టమో నాకే తెలుసు. ఒక్కటి మాత్రం నాకింకా తేలలేదు. ఐదేళ్ళలో మా అక్కలు నా గురించి ఒక్కసారీ తప్పు చెప్పలేదు. నేను పెదవి కదపకుండానే, నాకు చల్లనీళ్ళే కావాలని వాళ్ళకెలా తెలిసేది?