బావమరిది పేరు మీద అడిగిన ఉద్యోగం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న రైతుల్లో అచ్చిబాబుని ఎరగనివాళ్ళు లేరండి. మేత కంపెనీలో పని. పొద్దున్నే బండేసుకుని గట్టు గట్టూ తిరిగి, రొయ్య మేత తింటోందో లేదో చూసి, నీళ్ళకేం మందు వెయ్యాలో చెప్పొచ్చేవాడు. ఎక్కడికెళ్ళినా కుర్చీ వేసి, కొబ్బరిబొండాం కొట్టిచ్చేవారు. అలాంటి మనిషి ఉద్యోగం ఊడిందంటే ఎవరు నమ్ముతారు? కంపెనీవాళ్ళు భీమవరం ఆఫీసుకి తాళమేసి చేతులు దులిపేసుకున్నారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ సంగతి అచ్చిబాబుకీ తెలుసు. కానీ నిన్నటిదాకా కుర్చీ వేసినవాళ్ళ ముందు నిలబడి "నాకు పనిప్పించండి" అనడమే! పరువు పోదూ? ఎవరైనా అడిగితే ఏలూరు ఆఫీసుకి మార్చారని చెప్పేవాడు. ఆఖరికి కట్టుకున్న శ్రీదుర్గకి కూడా చెప్పలేదు మహానుభావుడు. రోజూ అదే కంపెనీ చొక్కా తొడుక్కుని, అదే క్యారేజీ పట్టుకుని బయల్దేరేవాడు.

అలాగని ఊరుకోలేదండోయ్. పాత పరిచయం కొద్దీ, ఉండి ఊరి వైపు చెరువులున్న సత్యకుమారిగారి గట్టు మీద కూర్చుని, బొండాం తాగి, లేవబోతూ అన్నాడు. "మా బావమరిది ఖాళీగా ఉన్నాడండి. ఎక్కడైనా పనుంటే చూద్దురూ."

"మీరు చెప్పాక చూడకపోతే ఎలాగండీ," అందావిడ.

అబ్బ, మాట ఎంత సులువుగా వచ్చేసిందో! ఇక ఏ గట్టు మీదకెళ్ళినా అదే పాట. మా బావమరిది నీళ్ళ రంగు చూసి రోగం చెబుతాడండి, ఏ వేళ పిలిచినా పరిగెత్తుకొస్తాడండి. తనలో ఉన్న మంచి గుణాలన్నీ తీసుకెళ్ళి వాడికి అంటగట్టాడు. ఖాళీ ఉందని తెలిశాక, "వాడు రానంటున్నాడు, నేనే వచ్చేస్తానండి" అందామని ఆయన ఎత్తు. అసలు ఆ బావమరిది గణేష్‌బాబు రొయ్యని కంచంలో తప్ప నీళ్ళలో చూసిన పాపాన పోలేదు. నిడదవోలులో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టి, మూసేసి, ఖాళీగా ఉన్నమాట మాత్రం నిజం.

ఓ సాయంత్రం వీరాస్వామిగారు ఫోన్ చేశారు. ఆయనవి పెద్ద చెరువులు, అన్నిటికీ కలిపి ఓ మేనేజర్ కావాలని చాన్నాళ్ళుగా చూస్తున్నారు. "మీ పనైపోయిందండి! పొద్దున్నే ఓసారి రండి."

ఆ రాత్రి అచ్చిబాబు కంటిమీద కునుకు పడితే ఒట్టు. తెల్లారగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

చెరువు దగ్గర షెడ్డులో కుర్చీ వేసుకుని గణేష్‌బాబు కాఫీ తాగుతున్నాడు!

"నువ్వేంట్రా ఇక్కడ?"

"మొన్న మీ ఫోను కలవకపోతే ఇంటికి చేశానండి," అన్నారు వీరాస్వామిగారు సంబరంగా. "మీ ఆవిడగారే తమ్ముడి నంబరిచ్చారు, మీకు అప్పుడే చెప్పొద్దన్నానులెండి. మీరు చెప్పాక ఇక ఇంటర్వ్యూలేంటండీ? వేసేసుకున్నాం."

గణేష్‌బాబు గభాల్న లేచొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "నాకోసం ఎండనక వాననక తిరుగుతున్నావని తెలిసి అక్క ఏడ్చేసింది బావా!"

అచ్చిబాబు వాణ్ణి లేవదీశాడు.

"నిజం చెప్పొద్దూ," అన్నారు వీరాస్వామిగారు. "మేనేజరనగానే ముందు మీరే గుర్తొచ్చారండి. బంగారంలాంటి ఉద్యోగం వదులుకుని మీరెందుకొస్తారులే అని అడగలేదు."

అయ్యబాబోయ్! అచ్చిబాబుకి రావలసిన ఉద్యోగమే అది. ఎవరూ లాక్కోలేదు, ఎవరూ కాదనలేదు. తన నోటితో తనే ఇచ్చేశాడు. అంతలో గణేష్‌బాబు చెవి దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు, "ఇంతకీ బావా, ఇవేం తింటాయి?"

ఎలా బయటికొచ్చాడో తెలీదు. బండి దగ్గర నిలబడి సత్యకుమారిగారికి ఫోన్ చేశాడు.

"మీ బావమరిదికి దొరికిందంట కదండీ! సంతోషం," అందావిడ.

"దొరికిందండి. ఇప్పుడు నాకు కావాలి."

"ఏంటి?"

"ఉద్యోగమండి. నాది ఎప్పుడో పోయింది. నాకోసమే అడిగానండి, అప్పుడూ."



"అదేం మనిషండీ మీరు!" ఆవిడ గొంతు ఖంగుమంది. "మీలాంటి నమ్మకమైన మనిషి కోసం నేను ఊళ్ళన్నీ గాలిస్తుంటే, నా గట్టు మీదే కూర్చుని, నా బొండాం తాగి, బావమరిది అని చెప్పి వెళ్ళిపోయారా! ఎక్కడున్నారిప్పుడు? కదలకండక్కడే. నేనే వస్తున్నా."