గుండు చూసి వచ్చిన పలకరింపులు

మెడకింద బిళ్లలు లేచి, ఎన్ని రోజులైనా జ్వరం దిగక పట్నం ఆస్పత్రిలో పడ్డాక తెలిసింది, నాది గ్లాండ్యులర్ ఫీవర్ అట. చాలామందికి చిన్నప్పుడే వచ్చి, చెప్పకుండానే పోయే జ్వరం. నాకు మాత్రం ముప్పై దాటాక వచ్చి ఒంట్లోని రక్షణ కణాలకు పిచ్చెక్కించింది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవి నా రక్తాన్నే తినసాగాయి. వాటిని అణచడానికి డాక్టరు కీమో పెట్టాడు. క్యాన్సర్ లేదు, క్యాన్సర్ మందు మాత్రం ఉంది!

జుట్టు కుచ్చులుగా ఊడుతుంటే విసుగొచ్చి గుండు చేయించుకున్నాను. రెండు కీమో సూదుల మధ్య దొరికిన విరామంలో, మహారాష్ట్ర అంచున ఉన్న మా ఊరు అంకిస వచ్చి జీపు దిగాను. జనాన్ని దగ్గరికి రానివ్వొద్దని, ఒక మామూలు దగ్గు చాలు ప్రాణం మీదికి రావడానికని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

మావైపు మగవాడు గుండుతో కనబడితే మొక్కయినా ఉండాలి, తండ్రయినా పోయి ఉండాలి. జాతర రోజులు కావు కనుక మా బాపు పోయాడని బస్టాండు తేల్చేసింది. తెల్లారేసరికి పలకరింపులు మొదలు.

ముందుగా బాపుకు అక్క వరసయ్యే ముసలామె శోకం పెడుతూ వచ్చింది. వాకిట్లో వడ్లు ఎండబోస్తున్న బాపును చూసి టక్కున ఆపింది.

“ఏంది తమ్మీ, నువ్వు ఉన్నవా?”

“ఉన్న. నువ్వు జర అక్కడ్నే ఉండు అక్కా, దగ్గరికి రాకు.”

“పని ఇడిసిపెట్టి ఏడ్సుకుంట వస్తిగదనే!” అని ఆమె బాపు మీదే కోపం చేసింది.

ఇగ వరసగా వచ్చారు. బాపు కర్ర పట్టుకుని దడి దగ్గర నిలబడి, తనను ఏడ్వడానికి వచ్చినవాళ్లను తనే వెళ్లగొట్టాడు. ఒకాయన మరాఠీలో ఓదార్పు మొదలుపెట్టి, ఎదురుగా ఉన్నది పోయినాయనే అని తెలిసి తెలుగులోకి దిగాడు. కిటికీలోంచి చూస్తూ మాస్కులో నవ్వుకున్నాను. ఎవరైనా దగ్గితే మాత్రం కిటికీ రెక్క దగ్గరికి లాక్కునేవాణ్ణి. నాకు చావాలని లేదు.

పోతూ పోతూ అందరిదీ ఒకటే మాట: “చచ్చిండని పుకారు పుడితె ఆయుష్షు పెరుగుతది. ఇగ నీకు నూరేండ్లు!”

బాపుకు అది నచ్చలేదు. “నాకెందుకు పెరుగుడు?” అని మధ్యాహ్నం దాకా గొణిగాడు. తర్వాత కిటికీ దగ్గరికొచ్చాడు.

“నీ మీద గూడ గట్లనే ఒక పుకారు పుట్టిస్త. ఆష్టి ఊర్ల ఉండే మీ మామకు జెప్తె చాలు, పొద్దుగూకెవరకు అంతట తెలుస్తది.”

“పుట్టియ్యి బాపూ,” అన్నాను నవ్వుతూ.

బాపు నిజంగానే ఫోన్ చేశాడు. మామ గొంతు నాకూ వినబడుతోంది.

“చెప్పు బావా.”

“పిలగాడు…” అన్నాడు బాపు. మళ్లీ “పిలగాడు…” అన్నాడు. కర్ర కిందపడింది.

“ఏమైంది బావా? పిలగానికేమైంది?”

“తిన్నడు. మంచిగ తిన్నడు,” అని బాపు ఫోన్ పెట్టేశాడు.

పొద్దటి నుంచి నాకు ఒక్క ముద్ద దిగలేదు. లేచి కంచంలో అన్నం పెట్టుకున్నాను.