పంపుల మేడమ్

నీళ్ల పంపుహౌసులో ఇరవై ఏళ్లుగా ఇంజినీరుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ పంపుల మేడమ్ అంటారు. మోటార్ల హోరులో మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గొంతు పెద్దదైపోయింది. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తుంది. అలాంటి మనిషి, దారి చూపమని స్కూలువాళ్లు అప్పగించిన పదో తరగతి అమ్మాయి దగ్గర మాత్రం నోరు మెదపదు. శనివారం సాయంత్రాలు లైబ్రరీలో ఎదురుగా కూర్చుని, కళ్లజోడు తుడుచుకుంటూ ఎదురుచూస్తుంది. మొదటి నాలుగు వారాలు ఆ పిల్ల పెదవి విప్పలేదు. ఇద్దరూ చెరో పుస్తకం చదువుకుని లేచిపోయారు. ఐదో వారం తల వంచుకునే అంది: "నాకు ఇంజినీరింగ్ చదవాలనుంది. నాన్నేమో పదితో ఆపేసి షాపులో కూర్చోమంటున్నాడు."

"పద, ఇప్పుడే మాట్లాడతాను" అనబోయి మేడమ్ ఆగింది. "నన్నేం చెయ్యమంటావు?" అని అడిగింది.

"మీరేం మాట్లాడొద్దు. పక్కన కూర్చోండి చాలు. నేనే చెప్తా."

మర్నాడు తండ్రి బట్టల షాపులో అమ్మాయి తనే చెప్పింది. రెండుసార్లు మాట తడబడింది. రెండుసార్లూ మేడమ్ గొంతుదాకా వచ్చిన మాటను మింగేసింది. అంతా విని తండ్రి ఆవిడవైపు తిరిగాడు. "మీరేమంటారు మేడమ్?"

"నేను వినడానికొచ్చానండీ. తననే అడగండి."

ఆయన చేతిలోని గుడ్డ పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూతురి ముందు కూర్చున్నాడు. "మళ్లీ మొదట్నుంచి చెప్పమ్మా" అన్నాడు.