కంపుకు మొదటి అర్థం

నిఘంటువు అచ్చయ్యే ఆ ప్రెస్సులో ఒక కట్టుబాటు ఉండేది. ప్రూఫులు దిద్దే మనిషి అడుగున పొడి అక్షరాలు వేస్తే తప్ప ఏ పేజీ మిషనెక్కదు. ముప్పై ఏళ్ళుగా ఆ పొడి అక్షరాలు ఒకావిడవే. అందరూ ఆమెను దిద్దుడక్క అనేవారు. ముక్కుసూటి మనిషి, కామా దగ్గర కూడా మొహమాటపడేది కాదు.

ఆ రోజు ‘క’ పేజీల్లో ‘కంపు’ దగ్గరికి వచ్చి ఆమె పెన్సిలు కదల్లేదు. కిందటి కూర్పులో ఆ మాటకు రెండు అర్థాలుండేవి: మొదటిది వాసన, పరిమళం, రెండోది దుర్వాసన. ఇప్పుడు మొదటిది ఎగిరిపోయింది. మిగిలినదానికి ఉదాహరణ: ‘తోళ్ళవీధి దాటేదాకా ఒకటే కంపు.’

దిద్దుడక్క పుట్టింది తోళ్ళవీధిలోనే. తండ్రి పచ్చితోళ్ళు సున్నపు తొట్లలో నానేసి పదును చేసేవాడు. తోలు ఎప్పుడు పైకి తియ్యాలో ఆయనకు ముక్కే చెప్పేది. వంగి ఒక్కసారి వాసన చూసి, ఇంకో పూట ఉండనీ అన్నాడంటే దానికి తిరుగుండేది కాదు. బళ్ళో పిల్లలు మాత్రం ఆమె కనబడగానే ముక్కులు మూసుకునేవారు. కంపు అన్నది వాళ్ళు పెట్టిన పేరే. ఏడుస్తూ ఇంటికొస్తే తండ్రి ఒకటే అన్నాడు: “వాళ్ళ ముక్కులు మూసుకోడానికే పనికొస్తాయే తల్లీ. మనకి ముక్కే అన్నం పెడుతోంది.”

ఒకప్పుడు పూల వాసనకూ అదే మాట చెల్లేదని ఆమెకు తెలిసింది చాలా ఏళ్ళకు, ఈ ప్రెస్సులోనే. అది తెలిసిన రోజు, పాత కూర్పులోని ఆ మొదటి అర్థాన్నే నాలుగుసార్లు చదువుకుంది.

పేజీ పట్టుకుని సంపాదకుడి గదిలోకి వెళ్ళింది. ఆయన మంచివాడే, చోటు దగ్గరే పిసినారి. రెండు లైన్లు ఎక్కువయ్యాయనీ, ఆ పాత అర్థం ఇప్పుడెవరికి కావాలనీ, ముక్కుమీద కోపం మాని పొడి అక్షరాలు వేసెయ్యమనీ నచ్చజెప్పాడు. కాదంటే వచ్చే నెలనుంచి ఆ పని మరొకరు చేస్తారన్నాడు.

“చేయించుకోండి. ఈ పేజీ కింద మాత్రం ఇలా ఉంటే నా అక్షరాలు పడవు.”

అక్కడే నిలబడి ఉదాహరణ మీద అడ్డంగా గీత కొట్టింది. ఆ చోట పాత అర్థాన్ని ఎక్కించి, దానికి మొదటి అంకె వేసింది. కొలిచినట్టు సరిపోయింది.

సంపాదకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఉదాహరణ లేకపోతే రెండో అర్థం జనానికెలా తెలుస్తుందమ్మా?”

“దానికి పుస్తకం అక్కర్లేదండీ. ఆరేళ్ళకే బళ్ళో నేర్పేస్తారు.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పేజీని ఆమె ముందుకు జరిపాడు. దిద్దుడక్క అడుగున పొడి అక్షరాలు వేసింది, ఎప్పటికన్నా కాస్త పెద్దవిగా.